సర్పంచ్ గారిని తూచిన కుర్చీ

నేనొక కాటాని. కూరగాయల బండి మీద ఉండే తక్కెడ అనుకునేరు, కాదు. నా మీద కూర్చోవాలి. కింద ఇనప బల్ల, దాని మీద చేతులున్న చెక్క కుర్చీ, పక్కన ఒక నిలువు స్తంభం, స్తంభానికి అడ్డంగా ఇత్తడి బద్ద, బద్ద మీద అటూ ఇటూ జరిగే గుండు. మనిషి కూర్చుంటాడు, ఇంకొకరు గుండు జరుపుతారు, బద్ద ఊగడం ఆపగానే నేను అంకె చెప్పేస్తాను. కూర్చున్నది ఎవరా అని చూసి చెప్పడం నాకు చేతకాదు. అది మనుషులకున్న విద్య.

ఇప్పుడు నేను బాపట్ల దగ్గర చినమట్టపూడి అనే ఊళ్ళో, అంగన్‌వాడీ వరండాలో ఉంటున్నాను. నెలకోసారి ఊళ్ళోని పసిపిల్లలంతా నా మీదికి వస్తారు. ఏడుస్తారు, తంతారు, నా ఇత్తడి గుండు నోట్లో పెట్టుకుంటారు. కొందరు అక్కడే కానిచ్చేస్తారు కూడా. నేనేమీ అనుకోను. ఇంతకన్నా పెద్ద పెద్దవాళ్ళు నన్ను ఇంతకన్నా ఎక్కువ పాడుచేశారు.

నేను పుట్టింది ఇంగ్లండులో, పొగగొట్టాలు తప్ప ఆకాశం కనబడని ఒక ఊళ్ళో. నన్ను పోతపోసినవాళ్ళు ఏ ధాన్యం కొట్టుకో అమ్ముదామనుకున్నారు. కానీ ఒక చిన్న పట్టణం వాళ్ళు వచ్చి, కుర్చీ బిగించమని చెప్పి, నన్ను తీసుకుపోయారు. ఎందుకని మీరు అడగాలి. మేయరు గారిని తూచడానికి!

నిజమే. ఆ పట్టణంలో అదొక పాత ఆచారం. మేయరు పదవిలోకి వచ్చిన రోజున బజారు మధ్యలో అందరూ చూస్తుండగా తూస్తారు. ఏడాది తిరిగాక మళ్ళీ తూస్తారు. బరువు తగ్గితే, పాపం ఊరి కోసం తిరిగి తిరిగి చిక్కిపోయాడని చప్పట్లు కొడతారు. పెరిగితే, మన సొమ్ము తిని బలిసాడని ఆడవాళ్ళంతా ఇళ్ళలోంచి పెనాలు, గరిటెలు పట్టుకొచ్చి దబదబా వాయిస్తారు. ఆ మోత విని మేయరు మొహం కందగడ్డలా అయ్యేది. తలెత్తకుండా నా మీది నుంచి దిగిపోయేవాడు. ఎంత గొప్పవాడైనా ఆ ఒక్క పూట నా మీద పసిపిల్లాడే.

ఒక మేయరు మహా గడుసువాడు. మొదటి ఏడు కోటు జేబుల్లో సీసం ముక్కలు వేసుకుని కూర్చున్నాడు. మరుసటి ఏడు ఖాళీ జేబులతో వస్తే బరువు తగ్గినట్టు కనబడుతుందని. మర్నాడు ఆయన కోటు ఉతకడానికి వెళ్ళింది. చాకలామె జేబులు తడిమింది. ఇక చెప్పేదేముంది? ఊరంతా పెనాలే.

ఆ చాకలామె గురించే నేను చాలాసార్లు ఆలోచించాను. మేయరు దొంగతనం పట్టిందామె. అందరికన్నా గట్టిగా పెనం వాయించింది కూడా ఆమే. ఎన్నికల రోజున మాత్రం ఇంట్లో కూర్చుంది. ఆడవాళ్ళకు ఓటు లేదు మరి! వందల ఏళ్ళ నుంచి సభలు, చర్చలు అని చెప్పుకునే దేశం అది. మేయరు బరువు అడిగే హక్కు ఆమెకుంది, మేయరు ఎవరని అడిగే హక్కు లేదు. పాత దేశాలు అలాగే ఉంటాయి. పాత ఇంట్లోలాగా అన్నీ ఉంటాయి గానీ, ఒక గది తలుపు ఎప్పట్నుంచో తెరవరు, ఎందుకు తెరవరో ఎవరికీ గుర్తుండదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పోనుపోనూ ఆ తూకం ఒక తమాషా అయిపోయింది. బ్యాండు మేళం, కేకులు, పిల్లలకు బెలూన్లు. మేయరు బరువు పెరిగితే నవ్వేవాళ్ళు, తగ్గినా నవ్వేవాళ్ళు. నవ్వి ఇంటికి పోయి నిద్రపోయేవాళ్ళు. ఆ పెనాల మోతకు భయపడేవాడు లేకుండా పోయాడు.

ఆ రోజుల్లోనే ఒక మేయరు కూతురు, హ్యారియెట్ అనే నర్సు, తండ్రి నా మీద కూర్చుంటే అందరికన్నా ముందు పెనం వాయించింది. ఇంట్లో గొడవయ్యే ఉంటుంది. కొన్నాళ్ళకు పట్టణం వాళ్ళు కొత్త కాటా కొనుక్కుంటే, ఆమె నన్ను అడిగి తీసుకుని, ఓడెక్కించి, ఇక్కడి మిషన్ ఆస్పత్రికి తెచ్చింది. ఇక్కడివాళ్ళకు హ్యారియెట్ అని నోరు తిరగక హారతమ్మ అన్నారు. ఆమె కూడా అలాగే పలికేది చివరికి.

హారతమ్మ చేతికింద నేను బాలింతల్ని తూచాను, మలేరియా జ్వరాల్ని తూచాను. కిలోలు వచ్చాక నా బద్ద మార్చి కొత్త భాష నేర్పారు. అంతకు చాలా ముందే, ఒకరోజు ఆస్పత్రి ఆయా వేలిమీద నల్లటి చుక్కతో వచ్చింది. ఈ దేశం పుట్టి అయిదేళ్ళయినా నిండా కాలేదు, అప్పుడే మొదటి ఓట్లు. చదువు లేదు, సొంత సెంటు భూమి లేదు, ఆడది. అయినా ఓటేసి వచ్చింది. హారతమ్మ ఆ వేలు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"ఏంటి దొరసానీ, వేలు విరిచేస్తారా ఏంటి?" అంది ఆయా.

"మా అమ్మ చచ్చిపోయేదాకా ఈ చుక్క చూడలేదే," అంది హారతమ్మ.

పుట్టగానే పళ్ళన్నీ వచ్చిన బిడ్డలాంటిది ఈ దేశం, అనుకున్నాను నేను. కొరకడం ఎప్పుడు నేర్చుకుంటుందో చూడాలి.

హారతమ్మ పోయింది. ఆస్పత్రి మూతపడింది. నన్నొక మిరపకాయల వ్యాపారి కొన్నాడు. రైతు బస్తా దించేటప్పుడు ఆయన కాలి బొటనవేలు నా బల్ల కింద పెట్టి పైకెత్తేవాడు, బరువు తక్కువ చూపించడానికి. ఎన్నేళ్ళు తుమ్మానో! మేయరు సీసం ముక్కలు, ఈయన బొటనవేలు. మనుషులు సముద్రం దాటినా మారరు, వాళ్ళ చోటు మారుతుందంతే.

అక్కడి నుంచి నన్ను బయటికి తెచ్చినవాడు పూర్ణచంద్రరావు. అప్పటికి ఆయనింకా సర్పంచ్ కాలేదు, నిలబడ్డాడు. మీకు తెలుసుగా మన నాయకులకు తులాభారం అంటే ఎంత ఇష్టమో. ఆయన మనుషులు వ్యాపారి దగ్గర నన్ను అడిగి తెచ్చి, పూలదండలు చుట్టి, రామాలయం ఎదుట నిలబెట్టారు. ముందు పూర్ణచంద్రరావు కూర్చున్నాడు. బరువు డెబ్భై ఎనిమిది కిలోలు. తర్వాత ఆయన దిగిపోతే అదే కుర్చీలో సరిగ్గా అంతే బెల్లం పేర్చి ఊరందరికీ పంచారు. అప్పుడే కాపురానికొచ్చిన వీరకుమారి అనే కొత్త కోడలు ఆ బెల్లంతో పరమాన్నం వండుకుంది. ఆయన అభిమానులు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద దండం పెడుతున్న ఆయన బొమ్మ, కింద ఇంతింత అక్షరాలతో: 'మా అన్న బరువు 78 కిలోలు, మా అభిమానం బరువు చెప్పలేం.'

గెలిచాడు. గెలిచిన సంతోషంలో నన్ను వ్యాపారి దగ్గర కొని, అంగన్‌వాడీకి ఇచ్చాడు. నా వీపు మీద 'దాత: పూర్ణచంద్రరావు, సర్పంచ్' అని ఎర్రరంగుతో రాయించాడు. ఫ్లెక్సీ కూడా వృథా పోలేదు. అంగన్‌వాడీ వరండా రేకులు కారుతుంటే ఎస్తేరు టీచరు దాన్ని తెచ్చి ఎండకూ వానకూ అడ్డంగా కట్టింది. అప్పట్నుంచీ నేను ఆయన దండం కిందే ఉంటున్నాను.

ఆ వరండాలోకే వీరకుమారి బిడ్డనెత్తుకుని వచ్చేది. పదో తరగతి చదువుతుండగా పెళ్ళిచూపులొచ్చి, చదువు అక్కడితో ఆగిపోయిన పిల్ల. బిడ్డ పేరు మోక్షిత. బిడ్డకు దగ్గొస్తే తనకు జ్వరం వచ్చే రకం. తూకం రోజున ముందుగానే వచ్చి వరసలో మొదట నిలబడేది, తీరా తన వంతు రాగానే "నువ్వెళ్ళొదినా, నువ్వెళ్ళు" అని వెనక్కి వెళ్ళిపోయేది. నేను చెప్పబోయే అంకె అంటే అంత భయం.

ఆ భయం ఊరికే రాలేదు. మోక్షిత బరువు ఎనిమిది కిలోల దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయింది. ఒక నెల కాదు, వరసగా మూడు నెలలు. ఎస్తేరు టీచరు మొహం ముడుచుకుని అంది, "ఇలాగే ఉంటే పెద్దాస్పత్రికి పంపాల్సొస్తది కుమారీ. గుడ్డు పెడుతున్నావా?"

"మీరిచ్చిందే పెడుతున్నా టీచరూ. ఇచ్చిందెక్కడ?"

అంగన్‌వాడీకి రావాల్సిన గుడ్లు ఒక వారం వస్తే ఒక వారం రావు. వచ్చినవి గోలీకాయలంత. పగలగొడితే వాసన. వీరకుమారి ఇంట్లో రోజూ గుడ్డు కొనే స్థితి లేదు. మొగుడు ఏడుకొండలు పంచాయతీలో కొళాయిలు వదిలే పని చేస్తాడు. ఆ పని కూడా సర్పంచ్ గారి దయ.

అయినా ఆమె సర్పంచ్ ఇంటికి వెళ్ళింది. ఆ ముచ్చట నా ముందే కూర్చుని మిగతా తల్లులకు చెప్పింది. ఆయన గొంతు భలే అనుకరించేది. "'గుడ్లు నేను పెడతానా అమ్మాయ్? కోళ్ళు పెడతాయి, గవర్నమెంటు పంపుద్ది, కాంట్రాక్టరు దింపుతాడు. మధ్యలో నేనెవర్ని?' అన్నాడు. కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తే 'గుడ్లు బ్రహ్మాండంగా ఉన్నాయని మీ సర్పంచ్ గారే చెప్పారుగా' అన్నాడు. పై ఆఫీసుకు పోతే 'ముందు మీ సర్పంచ్‌తో మాట్లాడుకోండి' అన్నారు. బొంగరంలా తిరిగి మళ్ళీ ఇక్కడికే వచ్చా వదినా."

తల్లులు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత ఏడ్చింది. నేను చెక్కనీ ఇనుమునీ, ఏం చెయ్యను? హారతమ్మ ఉంటే పెనం తెచ్చేది.

పంద్రాగస్టు వచ్చింది. మా ఊళ్ళో జెండా ఎగరేసేది అంగన్‌వాడీ ముందే, గ్రామసభ జరిగేదీ అక్కడే. పిల్లలంతా ఇస్త్రీ బట్టలేసుకుని, జెండా వందనం అయ్యాక పెట్టే పులిహోర కోసం స్టీలు పళ్ళేలతో కూర్చున్నారు. పూర్ణచంద్రరావు తెల్ల చొక్కాలో వచ్చాడు. చొక్కా గుండీలు ప్రాణాలు బిగబట్టుకుని ఉన్నాయి. పక్కన ఆయన భార్య రాజ్యలక్ష్మి.

జెండా ఎగరేసి ఆయన ఉపన్యాసం మొదలుపెట్టాడు. "అందరూ అది లేదు, ఇది లేదు అంటారు. ఇంగ్లండు చూడండి, అమెరికా చూడండి. వందల ఏళ్ళ నుంచీ ప్రజాస్వామ్యం. వాళ్ళకే ఇంత టైం పట్టింది. మన దేశం ఇంకా పసిబిడ్డ. పసిబిడ్డను పట్టుకుని ఎందుకు పరిగెత్తవు అంటే ఎట్టా? ఓపిక పట్టాలి!"

ఆయన మనుషులు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఇంగ్లండు గుర్తొచ్చి నవ్వొచ్చింది. అక్కడ వందల ఏళ్ళ పాటు ఓపిక పట్టినవాళ్ళంతా చాకలామెలాంటి వాళ్ళే.

అప్పుడు వీరకుమారి లేచింది. లేవబోతుంటే ఏడుకొండలు చెంగు పట్టుకుని లాగాడు. "కూర్చోవే, నా పని పోద్ది." ఆమె కూర్చుంది. చంకలో మోక్షిత పళ్ళెం నాకుతోంది, ఖాళీ పళ్ళెం. ఆ పళ్ళెం వంక చూసి మళ్ళీ లేచింది.

"సార్, దేశాల సంగతి నాకు తెలియదు. పసిబిడ్డ సంగతి తెలుసు," అంది. "పసిబిడ్డ కదా అని మేం ఊరుకోం సార్. పసిబిడ్డ కాబట్టే నెలనెలా తూస్తాం. పెద్దాళ్ళనైతే ఏడాదికోసారి చూసినా పర్లేదు. పసిబిడ్డ ఒక నెల బరువు పెరక్కపోతే తల్లికి నిద్ర పట్టదు."

సభలో గుసగుస. సర్పంచ్ గారు పెద్దమనిషిలా నవ్వాడు. "బాగా చెప్పావమ్మాయ్. అయితే ఏమంటావ్?"

"ఎలక్షన్లప్పుడు మిమ్మల్ని ఈ కుర్చీలోనే తూచాం కదా సార్. మళ్ళీ ఒక్కసారి కూర్చోండి. తూద్దాం."

ఇక్కడే ఆయన పప్పులో కాలేశాడు. మన నాయకుడికి తూకం అనగానే ఇంకేం గుర్తొస్తుంది? తులాభారం! ఆడపడుచులు ముచ్చటపడి అడుగుతున్నారనుకున్నాడు. కండువా సర్దుకుని, "ఎందుకులేమ్మా ఇవన్నీ" అంటూనే గబగబా నడిచొచ్చాడు. ఆయన మనిషొకడు "బెల్లం ఏది, బెల్లం?" అని పరిగెత్తాడు. ఇంకొకడు జెండా దగ్గరి బంతిపూలు పీక్కొచ్చి నా చేతులకు చుట్టాడు. ఫొటో తీయడానికి ఫోన్లు లేచాయి. ఆయన నా మీద కూర్చున్నాడు. నా పాత చెక్క 'అమ్మో' అంది.

ఎస్తేరు టీచరు గుండు జరిపింది. డెబ్భై ఎనిమిది దగ్గర ఆపింది. బద్ద దిగలేదు. ఇంకొంచెం జరిపింది. దిగలేదు. ఎనభై అయిదు. ఉహూ. తొంభై ఒకటి దగ్గర బద్ద మెల్లగా ఊగి నిలబడింది.

"తొంభై ఒకటి సార్," అంది టీచరు, ప్రసాదం పంచేటంత మెత్తగా.

అందరి కళ్ళూ ఒక్కసారే పైకి వెళ్ళాయి. ఆయన నెత్తి మీదే ఫ్లెక్సీ. దండం పెడుతున్న అన్న. డెబ్భై ఎనిమిది కిలోలు.

వీరకుమారి నా పక్కన నిలబడి, "మా పాప చైత్రంలో ఎనిమిది కిలోలు, ఆషాఢంలో ఎనిమిది, ఇప్పుడూ ఎనిమిదే," అంది. "మీరు పదమూడు పెరిగారు సార్. అందులో ఒక్కటి నా బిడ్డకొచ్చినా చాలు."

వెనక ఎవరో ముసలాయన కిసుక్కున నవ్వాడు. అంతే. ఆ నవ్వు వరసలు దాటుకుంటూ ముందుకొచ్చింది. పులిహోర ఎంతకీ రావడం లేదని విసుగెత్తిన ఒక పిల్ల చెంచాతో పళ్ళెం కొట్టింది. పక్క పిల్ల కొట్టింది. తల్లులు కొట్టారు. దబదబదబ! ఏళ్ళ తరబడి వినని మోత. ఎవరు నేర్పారు వీళ్ళకు? ఎవరూ నేర్పలేదు. ఆకలి ఉన్న చోట పళ్ళెం ఎలాగూ ఉంటుంది. నా ఇత్తడి బద్ద దానంతటదే ఊగింది. మీరు గాలి అనుకోండి, మీ ఇష్టం.

సర్పంచ్ గారి మొహం కందగడ్డ అయింది. "ఇది పాడైపోయిన కాటా! తప్పు చూపిస్తంది! ఎవడిచ్చాడీ డొక్కు కాటా?" అని అరిచాడు.

ఆయన మనిషే చెవిలో చెప్పబోయి గట్టిగా చెప్పేశాడు, "దాత మీరే అన్నా. వీపు మీద రాసుంది."

మోత రెట్టింపయింది. అప్పుడు రాజ్యలక్ష్మి గారు కుర్చీలోంచి కదలకుండా అంది, "కాటాది తప్పేం లేదు. ఇంట్లో నేను పెట్టేది రెండు ఇడ్లీలే. మిగతాదంతా మా చెల్లెలి మొగుడింట్లో. పోయినప్పుడల్లా నాలుగు గుడ్ల ఆమ్లెట్టు వేయించి పెడతాడుగా, మీ తోడల్లుడు, గుడ్ల కాంట్రాక్టరు."

ఆ మాటతో అందరికీ అంతా అర్థమైపోయింది. కోళ్ళకూ గవర్నమెంటుకూ మధ్యలో ఆయనెవరో తెలిసిపోయింది.

ఏడుకొండలు తల పట్టుకుని కూర్చున్నాడు. వీరకుమారి బిడ్డను గుండెకు హత్తుకుంది. ఇప్పుడేమవుతుందో అని నాకూ భయమే. చూశాను కదా, ఆ పాత దేశంలో నవ్వి ఇంటికి పోయేవాళ్ళు. ఇక్కడ కోపం తెచ్చుకుని ఇంటికి పోతారేమో, రేపు ఒకడి పని ఊడుతుందేమో.

పూర్ణచంద్రరావు నా మీది నుంచి దిగబోయాడు. దిగలేకపోయాడు. నా చేతుల మధ్య ఇరుక్కున్నాడు పాపం. ఇద్దరు లాగారు. మూడోసారికి ఊడొచ్చాడు. ఆ ఊడొచ్చిన ఊపులో ఆయనకే నవ్వొచ్చింది. ముందు చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని. చొక్కా గుండీ ఒకటి తెగి మోక్షిత పళ్ళెంలో టంగుమని పడింది. ఆ పిల్ల దాన్ని తీసి నోట్లో పెట్టుకోబోతే ఆయనే వంగి లాక్కున్నాడు.

"వద్దు తల్లీ, అది తినకూడదు," అన్నాడు. వంగినవాడు అలాగే ఆ పిల్ల మణికట్టు చూశాడు. రెండు వేళ్ళతో పట్టుకుంటే ఇంకా ఖాళీ మిగిలింది. నవ్వు ఆగిపోయింది. లేచి మైకు తీసుకున్నాడు. "ఈసారి నుంచి గుడ్ల బండి తల్లుల ముందు దిగుద్ది. చిన్నవీ, మురిగినవీ ఆ బండిలోనే తిరిగిపోతాయి. మా తోడల్లుడైనా, వాడి బాబైనా. రెండు నెలలకొకసారి పిల్లలతో పాటు నేనూ తూగుతా. ఏడుకొండలూ, ఏంట్రా ఆ మొహం? కొళాయిలు వదిలే టైమైంది, పో!"

ఏడుకొండలు పరిగెత్తిన పరుగు చూడాల్సింది.

అక్టోబరు రెండున ఆయన నిజంగానే వచ్చాడు. మాట మీద నిలబడ్డాడనుకునేరు, వీరకుమారి ముందురోజు వెళ్ళి గుర్తుచేసింది. పంచె తప్ప ఒంటి మీద ఏమీ లేదు. వాచీ తీశాడు, ఉంగరాలు తీశాడు, మొలతాడు కూడా తీయబోతే రాజ్యలక్ష్మి గారు కసిరారు. మూడు కిలోలు తగ్గాడు. మోక్షిత ముప్పావుకిలో పెరిగింది. వీరకుమారి ఆ అంకె రెండుసార్లు చెప్పించుకుంది, నమ్మకం కుదరక బిడ్డను దించి మళ్ళీ కూర్చోబెట్టి మూడోసారి కూడా. గుడ్డు సైజు పెరిగిందో లేదో, తల్లులు మాత్రం బండి దగ్గర ఒక్కో గుడ్డూ చెవి దగ్గర ఆడించి చూసేవాళ్ళు. డ్రైవరు ఏడ్చేవాడు.

పాత దేశం గొప్పదా, కొత్త దేశం గొప్పదా అని నన్నెవరైనా అడిగితే నాకు తెలిసింది ఇంతే. అక్కడ అలవాటు ఉంది, ఆకలి మర్చిపోయారు. ఇక్కడ ఆకలి ఉంది, అలవాటు ఇప్పుడిప్పుడే పడుతోంది. పడిన అలవాటు తమాషా అయిపోకుండా చూసుకోవడానికి ఒక వీరకుమారి ముందురోజు వెళ్ళి గుర్తుచేస్తుండాలి. రోజూ బిడ్డ నుదురు తాకి చూసినట్టు.

మళ్ళీ పంద్రాగస్టు వచ్చింది. ఇప్పుడు మోక్షిత నడుస్తుంది, మాట్లాడుతుంది, కొరుకుతుంది కూడా. సర్పంచ్ గారు తన వంతు అయిపోయాక కూడా నా మీదే కూర్చుని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. మోక్షిత వరసలోంచి బయటికొచ్చి ఆయన మోకాలి మీద చెయ్యేసింది.

"లే తాతా. నా వంతు."

ఆయన ఫోన్ కట్టేసి లేచాడు. ఆ పాత దేశంలో అంతమంది మేయర్లను మోశాను గానీ, నా మీది నుంచి అంత తొందరగా లేచినవాణ్ణి నేనెన్నడూ చూడలేదు.